ఉమ్మి అని తిప్పి పంపిన డబ్బీలు

మైక్రోబయాలజీలోకి ఇష్టపడి వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాళ్లంతా ర్యాంకు ఎక్కడో జారి, వచ్చిన సీటు వదులుకోలేక చేరినవాళ్లే. మొదటి ఏడాదంతా మొహాలు వేలాడేసుకుని తిరుగుతారు. రోగి మొహం చూడని డాక్టర్లమని క్యాంటీన్‌లో తమ మీద తామే జోకులు వేసుకుంటారు. నేనూ అలా వచ్చినదాన్నే. పిల్లల డాక్టర్ని అవుదామనుకుని డబ్బీల డాక్టర్ని అయ్యాను.

నాంపల్లి వైపు ఉన్న ఒక సర్కారు దవాఖాన ల్యాబులో నా ఉద్యోగ జీవితం దాదాపు మొత్తం గడిచింది. ఆబిడ్స్‌లోని మా ఇంటి నుంచి రోజూ నడిచే వెళ్లేదాన్ని. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటారు. ఎవరికీ దొరకని క్రిమిని నేనెలా పట్టుకున్నానో వినాలని వాళ్ల సరదా. అలాంటి కథ ఒకటి ఉంది. అందులో క్రిమి దొరికింది, మనిషి దక్కలేదు. అది చెబితే పిల్లలు టీ తాగడం ఆపేసి కప్పులోకి చూస్తూ కూర్చుంటారు. అయినా చెబుతాను, ఎందుకంటే ఈ ఉద్యోగమంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

పెంచితే పెరగని ఫంగస్

దాని పేరు న్యూమోసిస్టిస్. ఊపిరితిత్తుల్లో తప్ప ఎక్కడా బతకదు. చాలాకాలం దీన్ని మలేరియా క్రిమి లాంటి ఏకకణ జీవి అనుకున్నారు. మైక్రోస్కోపు కింద చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. తర్వాత జన్యువులు చదివితే తేలింది, ఇది ఫంగస్ అని. అందులోనూ సంచి శిలీంధ్రాల వంశం. ఈ వంశంలోవి తమ బీజాలను చిన్న సంచిలో పెట్టుకుని పెంచుతాయి. న్యూమోసిస్టిస్ సంచిలో ఎనిమిది ఉంటాయి. రొట్టెపిండిని పొంగించే ఈస్టుదీ ఈ వంశమే. అయితే న్యూమోసిస్టిస్ ఉన్న శాఖ చాలా పాతది, మిగతావాటి నుంచి ఎప్పుడో మొదట్లోనే విడిపోయింది. దాని దాయాదుల్లో కొన్ని ఇప్పటికీ మొక్కల మీద బతుకుతున్నాయి. కొత్తిమీర కాడలకు బుడిపెలు తెప్పించి ధనియాలను ఉబ్బించే ఫంగస్ వాటిలో ఒకటి.

న్యూమోసిస్టిస్ మాత్రం జంతువుల ఊపిరితిత్తుల్లో చేరి, ఇక బయట బతికే దారి పోగొట్టుకుంది. సొంతంగా వండుకోవడం మానేసింది. శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాలు తయారుచేసుకునే జన్యువులు దానిలో దాదాపు లేవు. మిగతా ఫంగస్‌ల పొరల్లో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది, దీనికి అదీ లేదు, మన కొలెస్టరాల్‌నే తీసుకుని వాడుకుంటుంది. కిరాయికి దిగి, చాప దగ్గర నుంచి గిన్నె దాకా ఇంటివాళ్లవే వాడుకునే మనుషులను మీరు చూసే ఉంటారు.

దీని వల్ల డాక్టర్లకు రెండు కష్టాలు. ఒకటి, దీన్ని ల్యాబులో పెంచలేం. మిగతా ఫంగస్‌లకు ఏదో ఒక తిండి పెడితే పళ్లెం నిండా బూజు లేస్తుంది. దీనికి ఏం పెట్టినా దండగే. నమూనాలో ఉన్నదాన్ని రంగు వేసి కళ్లతో వెతుక్కోవాలి, లేదా జన్యు పరీక్ష చేయాలి. రెండోది, ఫంగస్‌కు మనం వాడే మందుల్లో ఎక్కువ భాగం ఆ ఎర్గోస్టెరాల్ మీదే పనిచేస్తాయి. అది లేనిదాని మీద అవి ఏం చేస్తాయి? దీనికి పనిచేసేది ఒక పాత సల్ఫా మందు. ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు.

చిన్నప్పుడే మనలో చాలామంది ఊపిరితిత్తులు దీన్ని చూసి ఉంటాయి. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఇది నోరు మెదపదు. రోగనిరోధక శక్తి పడిపోతే అప్పుడు పెరుగుతుంది. గాలి నిండాల్సిన చిన్న చిన్న గదులన్నీ నురగలాంటి పదార్థంతో నిండిపోతాయి. మనిషికి ఆయాసం, జ్వరం, పొడి దగ్గు. ఎంత దగ్గినా తెమడ రాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మా ల్యాబులో అందరికీ వచ్చిన పాఠమే ఇది, అయినా సమయానికి ఎవరికీ గుర్తురాలేదు.

ప్రభాకర్ సార్ నియమం

మా డిపార్ట్‌మెంట్ హెడ్ ప్రభాకర్ సార్. ఆయన గురించి చెడ్డగా రాయాలని నాకు లేదు, కానీ పొగిడి వదిలేయను కూడా. ఆయన వచ్చే ముందు మా ల్యాబులో టీబీ పరీక్షలు పేరుకే జరిగేవి. రోగులు డబ్బీలో ఉమ్మి ఊసి ఇచ్చేవాళ్లు, మేము దాన్నే స్లైడు మీద పూసి "క్రిములు లేవు" అని రాసి పంపేవాళ్లం. టీబీ క్రిమి ఉండేది లోపలి నుంచి దగ్గి తెచ్చిన చిక్కటి తెమడలో. ఉమ్మిలో వెతికి లేదనడమంటే వంటింట్లో పోయిన వస్తువును వాకిట్లో వెతికి రావడమే. అలా "లేదు" అనిపించుకుని ఇంటికి పోయి, ఇంటిల్లిపాదికీ అంటించినవాళ్లు ఎంతమందో.

సార్ వచ్చీ రాగానే నమూనాలు తీసుకునే కిటికీ దగ్గర ఒక నియమం పెట్టారు. డబ్బీ మూత తీసి చూడాలి. తెమడ అయితే తీసుకోవాలి, ఉమ్మి అయితే తిప్పి పంపాలి. ఎవరి సిఫార్సు ఉన్నా సరే.

"మంచి నమూనా తెచ్చే దాకా మనిషి ముఖం చూడొద్దు. డబ్బీ చూడండి" అనేవారు.

నియమం మంచిదే. నూటికి తొంభై మంది రోగులకు మేలే చేసింది. కిటికీ దగ్గర కూర్చునే టెక్నీషియన్ శ్రీనివాస్ కూడా మంచివాడే, నియమం తప్పేవాడు కాదు. రోజంతా డబ్బీలు తెరిచి మూసి అతని తల ప్రాణం తోకకు వచ్చేది. తీసుకుంటే "పాస్", తిప్పి పంపితే "ఫేల్" అనడం అతనికి అలవాటు. త్వరగా అర్థమవుతుందని అలా అనేవాడు. కిటికీ బయట ఉన్నవాళ్లకు నిజంగానే త్వరగా అర్థమైంది. డబ్బీ పాస్ కావాలి. అంతే అర్థమైంది.

యాదయ్య

యాదయ్య బేగం బజార్‌లో ఒక మిర్చి గోదాములో మూటలు మోసే మనిషి. కల్వకుర్తి వైపు నుంచి వచ్చాడు. భార్య ఆండాళు అదే సందులో ఒక దుకాణంలో ధనియాలు, జీలకర్ర చెరిగేది. మోకాళ్లు, మణికట్లు వాచి పొద్దున్నే లేవలేని స్థితి వస్తే, కాచిగూడ దగ్గర ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాడు. ఆయన కాగితంలో పొట్లం కట్టి గోలీలు ఇచ్చాడు. నొప్పులు మంత్రం వేసినట్టు పోయాయి. ఆకలి పెరిగింది, మొహం నిండుగా గుండ్రంగా అయింది. గోదాములో తోటివాళ్లు "ఏంది యాదయ్యా, సేటు లెక్క అయినవ్" అని ఆటపట్టించేవాళ్లట. నెలల తరబడి ఆ గోలీలే మింగాడు. అవి స్టిరాయిడ్లు. మొహం నిండుగా కావడం ఆరోగ్యం కాదు, ఆ మందు చేసే పని. నొప్పిని అణచినట్టే అవి రోగనిరోధక శక్తినీ అణచాయి.

ఆయాసంతో మా దవాఖాన ఛాతీ వార్డులో చేరినప్పుడు ఈ గోలీల గురించి ఎవరూ అడగలేదు. ఏమేం మందులు వాడుతున్నావని అడిగారు, "ఏం లేవు" అన్నాడు. అతని లెక్కలో నొప్పుల గోలీ మందు కిందికి రాదు. హెచ్‌ఐవీ పరీక్ష చేశారు, లేదని వచ్చింది. అంతటితో న్యూమోసిస్టిస్ అన్న ఆలోచనే ఎవరికీ రాకుండా పోయింది. మనవాళ్ల బుర్రల్లో ఈ ఫంగస్ అంటే హెచ్‌ఐవీ, హెచ్‌ఐవీ లేదంటే ఫంగస్ లేదు. పుస్తకంలో ఒక పేరాలో చదివిన జబ్బును ఆ పేరాలోనే వదిలేసి వస్తాం. ఎక్స్‌రేలో రెండు వైపులా మసక కనిపించింది. మన దేశంలో మసక ఊపిరితిత్తి అనగానే ముందు వచ్చే మాట టీబీ. తెమడ పరీక్ష రాశారు.

ఆండాళు డబ్బీ తీసుకుని మా కిటికీ దగ్గరికి వచ్చింది. శ్రీనివాస్ మూత తీసి చూసి తిప్పి ఇచ్చాడు.

"ఇది ఉమ్మి, తెమడ గాదు. ఫేల్. పొద్దుగాల్ల లేవంగనే గట్టిగ దగ్గి తెమ్మను."

"ఎంత దగ్గినా గింతే వస్తది సార్. ఆయనకు దగ్గుల తడే లేదు."

"గట్లయితే రేపు తేర్రి."

రెండోసారి తెచ్చింది, మూడోసారి తెచ్చింది. ప్రతిసారీ అదే ఉమ్మి. నాలుగోసారి తెచ్చిన డబ్బీలో చిక్కటి పచ్చని తెమడ ఉంది. శ్రీనివాస్ సంతోషించాడు. "గిట్ల తేవాలె" అన్నాడట. స్లైడు నిండా టీబీ క్రిములు. మెషీన్ పరీక్షలో కూడా టీబీ అనే వచ్చింది. యాదయ్యను టీబీ గదికి మార్చారు, టీబీ మందులు మొదలుపెట్టారు. ఆండాళు అతని మంచం పక్కన కింద దుప్పటి పరుచుకుంది.

మందులు పనిచేయలేదు. మొదట్లో ఎవరూ ఫికర్ చేయలేదు, టీబీ మందులకు టైం పడుతుంది కదా అనుకున్నారు. కానీ ఆక్సిజన్ రోజురోజుకూ పెంచాల్సి వచ్చింది. అప్పుడే ఆ వార్డుకు వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్ డాక్టర్ నవీనకు ఏదో తేడా కొట్టింది. "ఇంత టీబీ ఉన్నవాడికి తెమడ ఏది మేడం? ఒక్క చుక్క లేదు" అని నాకు ఫోన్ చేసింది. గొట్టం వేసి, ఊపిరితిత్తిలోకి కొంచెం సెలైన్ వదిలి వెనక్కి తీసిన నీళ్లను స్వయంగా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఆ స్థితిలో ఉన్న మనిషికి గొట్టం వేయడం ప్రమాదం. తెలిసే చేసింది.

ఆ నీళ్లలో టీబీ క్రిమి ఒక్కటి కూడా లేదు. అన్ని క్రిములున్న మనిషి ఊపిరితిత్తిని కడిగితే ఒక్కటీ లేకపోవడమేమిటి? ఫంగస్‌ను నల్లగా చూపించే సిల్వర్ స్టెయిన్ అనే రంగు వేయించాను. ఆకుపచ్చని నేపథ్యంలో నల్లగా, గుండ్రంగా సంచులు గుంపులు గుంపులుగా కనిపించాయి. కొన్ని నొక్కిన రబ్బరు బంతుల్లా లోపలికి సొట్టపోయి ఉన్నాయి. పిల్లలకు బొమ్మల్లో చూపించి చూపించి నాకు బాగా తెలిసిన రూపం. నవీన నా పక్కనే నిలబడి ఉంది. చూడమని జరిగాను. ఆమె చూసి, పరుగు లాంటి నడకతో వార్డుకు వెళ్లిపోయింది.

రిపోర్టులో "ఫంగస్" అని ఊరుకోలేదు నేను. వేరే చోట ఒకసారి ఆ ఒక్క మాట చూసి మామూలు ఫంగస్ మందు మొదలుపెట్టి రెండు రోజులు పోగొట్టడం చూశాను. మందు పేరు రాయడం ల్యాబు పని కాదని ప్రభాకర్ సార్ పట్టుదల. ఆ రోజు మాత్రం ఆయన వద్దన్నా రాశాను. దీనికి మామూలు ఫంగస్ మందులు పనిచేయవు, సల్ఫా ఇవ్వండి అని.

పక్క మంచం

ఇక మిగిలింది ఒక ప్రశ్న. ఆ పచ్చని తెమడ ఎవరిది? ల్యాబులో డబ్బీలు తారుమారయ్యాయేమోనని శ్రీనివాస్ మొహం తెల్లబోయింది. అతనితో వాదించే బదులు నేనే వార్డుకు వెళ్లాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మెట్లు నేను ఎక్కింది తక్కువ. రోగి మొహం చూడని డాక్టర్లమని వేసుకున్న జోకు గుర్తొచ్చి సిగ్గేసింది.

యాదయ్య మాస్కు కింద నుంచి చిన్నచిన్న ఊపిర్లు తీస్తున్నాడు. ప్రతి ఊపిరికీ మెడ కండరాలు బిగుస్తున్నాయి. నేనెవరో చెబితే మాస్కు కొంచెం తీసి అడిగాడు.

"మందు మార్చిన్రంట గద మేడం. మల్ల మూటలు మోస్తనా?"

మాస్కు పెట్టుకో అని చెప్పి, ఆండాళును కారిడార్‌లోకి పిలిచాను. ముప్పై దాటి ఉండదు. చేతి గోళ్ల కింద ఇంకా ధనియాల దుమ్ము ఉంది. డబ్బీ గురించి అడగ్గానే నీళ్లు నమిలింది.

"ఆయనదే మేడం."

"ఎవ్వరికీ చెప్పనమ్మా. ఆయన బతకాలంటే నాకు నిజం కావాలి. జర చెప్పు."

"నన్ను పోలీసులకు గిట్ల ఇస్తరా?"

"ఇయ్యను."

అప్పుడు చెప్పింది. "మూడుసార్లు పట్కవోయిన మేడం. మూడుసార్లు ఫేలన్నరు. రిపోర్టు రాకుంటె మందు సురూ చెయ్యరని సిస్టర్ చెప్పింది. నా మనిషేమో దగ్గి దగ్గి చస్తున్నడు, డబ్బీల ఏం పడ్తలేదు. పక్క మంచం తాతకేమో ఊకె వస్తనే ఉండె. గింత ఇయ్యి తాతా అన్న. ఇచ్చిండు. పాస్ జేసిన్రు. మందు సురూ అయింది. ఖుషీ అయిన మేడం నేను."

పక్క మంచం తాత పేరు మల్లేశం. ఆయనకు నిజంగానే టీబీ తేలి అదే గదికి మారాడు, కోలుకుంటున్నాడు. తలుపు దగ్గర నుంచి మా మాటలు విని లేచి వచ్చాడు.

"నేనే ఇచ్చిన మేడం. పొల్ల ఏడ్సుకుంట అడిగింది. నాకాడ ఊకె పారవోసేదే గదా, తీస్కో బిడ్డా అన్న. ఏమన్న తప్పయిందా?"

 వెళ్లి పడుకోమన్నాను.

కాగితపు పొట్లం సంగతి కూడా అప్పుడే బయటపడింది. నవీన మళ్లీ మళ్లీ అడిగితే ఆండాళు సంచిలో నుంచి తీసి ఇచ్చింది. యాదయ్య ఆ గోలీలు దవాఖానలో చేరాకే ఆపేశాడట. మంచి గోలీలని దాచిపెట్టుకున్నారు, డిశ్చార్జి అయ్యాక వేసుకుందామని.

సల్ఫా మందు పడుతూనే ఉంది. కానీ గాలి గదులు అప్పటికే దాదాపు మూసుకుపోయాయి. హెచ్‌ఐవీ లేనివాళ్లలో ఈ జబ్బు ఇంకా వేగంగా కొడుతుంది, ఇంకా తక్కువ మంది బతుకుతారు. వెంటిలేటర్ పెట్టారు. అతను మళ్లీ మాట్లాడలేదు. నవీన ప్రతిరోజూ నాకు ఫోన్ చేసేది, "ఈ రోజు ఎలా ఉంది" అని నేను అడగకముందే చెప్పేది. ఒక రోజు ఫోన్ రాలేదు. నాకు అర్థమైంది.

ఎవరి మీద రాయాలి

దవాఖానలో ఇలాంటి చావు జరిగితే డిపార్ట్‌మెంట్ హెడ్‌లు కూర్చుని మాట్లాడుకుంటారు. డబ్బీ సంగతి అప్పటికే మల్లేశం తాత నోటి నుంచి వార్డంతా పాకింది. ఆ మీటింగుకు ముందు ప్రభాకర్ సార్ నన్ను తన గదికి పిలిచారు.

"మన వైపు తప్పేమీ లేదు కదమ్మా. నియమం ప్రకారమే చేశాం. నమూనా మార్చింది ఆ అటెండెంట్. అదే చెబుతాను."

రోగి తరఫు మనుషులను మేము అటెండెంట్లంటాం. ఆ మాట అంటే పేరు అక్కర్లేదు.

"ఆమె మార్చింది నాలుగో డబ్బీ సార్. ముందు మూడూ యాదయ్యవే. అవి మనమే తిప్పి పంపాం."

"అది ఉమ్మి. ఉమ్మిలో నీకు న్యూమోసిస్టిస్ దొరికేదా?"

"దొరికేదని నేను అనను. కానీ మూడుసార్లూ ఉమ్మే వచ్చిందంటే, ఈ మనిషికి తెమడ ఎందుకు రావడం లేదని ఎవరో ఒకరం అడిగేవాళ్లం. మనం డబ్బీ చూశాం సార్, రోగిని చూడలేదు."

ఆయనకు కోపం వచ్చింది. వస్తుందని నాకు తెలుసు. నియమాన్ని ప్రాణంలా పెంచుకున్న మనిషి ఆయన. ఆ నియమం ఎంతోమందిని బతికించిందని మళ్లీ గుర్తుచేశారు. అది నిజమే, నేను కాదనలేదు.  చివరికి మీటింగులో ఆయన ఆండాళు మాట ఎత్తలేదు. తిప్పి పంపిన డబ్బీల మాటా ఎత్తలేదు. "రోగం ముదిరాక వచ్చిన కేసు" అని అందరూ చేతులు దులుపుకున్నారు. గోలీలిచ్చిన ఆర్‌ఎంపీ ఇప్పటికీ అక్కడే ఉన్నాడని విన్నాను.

తర్వాత కిటికీ దగ్గర ఒక మార్పు చేయించగలిగాను. రెండోసారి కూడా ఉమ్మే వస్తే తిప్పి పంపకూడదు, వార్డు డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. పాస్, ఫేల్ అనే మాటలు వద్దని శ్రీనివాస్‌కు చెప్పాను. అతను అంతకుముందే మానేశాడు. దీనికి నన్ను మెచ్చుకోకండి. మనిషి పోయాక చేసిన మార్పు అది.

మీకు చెప్పేదొకటే. డబ్బీలో ఏముందో చూడటానికి మెషీన్లు వచ్చాయి, ఇంకా మంచివి వస్తాయి. డబ్బీ ఎందుకు ఖాళీగా వచ్చిందో అడిగే పని మాత్రం మీదే.

ఆండాళు

యాదయ్య పోయిన రోజే అతని అన్న బాలయ్య ఊరి నుంచి వచ్చాడు. శవాన్ని తీసుకెళ్లే ముందు నేరుగా ల్యాబుకు వచ్చాడు, వెనక ఆండాళు. మల్లేశం తాత అమాయకంగా జరిగిందంతా అందరికీ చెప్పేశాడు. బాలయ్య ముందు ఎలుకల గురించి అడిగాడు. ఈ జబ్బు ఎలుకల్లో కూడా ఉంటుందని వార్డులో ఎవరో అన్నారట.

"గోదాంల మస్తు ఎలుకలుంటయి. గవిటి నుంచి వచ్చిందా మేడం?"

"కాదు. ఎలుకల్లో ఉండేది వేరే రకం, అది మనుషులకు రాదు. మనుషులది మనుషుల్లోనే ఉంటుంది."

అసలు అడగాలనుకున్నది అది కాదని తెలుస్తూనే ఉంది. ఆండాళు వైపు చూడకుండా అడిగాడు.

"ఈమె డబ్బీల వేరేటోళ్లది పెట్టిందంట గదా. దానికేనా నా తమ్ముడు సచ్చింది?"

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. నా నోటి వైపే చూస్తోంది.

నిజం చెప్పాలంటే చాలా చెప్పాలి. గోలీలిచ్చినవాడి వల్ల కొంత, అడగని డాక్టర్ల వల్ల కొంత, మా కిటికీ వల్ల కొంత, చివర్లో ఆమె వల్ల కొంత. ఇన్ని ముక్కలు చేసి చెబితే బాలయ్య చివరి ముక్క ఒక్కటే పట్టుకుని ఊరికి వెళతాడు. ఆమె ఆ ఇంట్లోనే బతకాలి.

"కాదయ్యా. ఆమె చేసిన దాని వల్ల కాదు. మందు పేరు మీద తిన్న గోలీల వల్ల. నీ తమ్ముడికి మందు దొరకాలని ఈమె చేసినంత ఎవరూ చెయ్యలేదు" అన్నాను.

బాలయ్య తల ఊపాడు. నా మాట నమ్మాడు. డాక్టర్ చెబితే నమ్మే మనిషి. ఆండాళు తల ఊపలేదు.

కొన్ని నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. బాగా చిక్కిపోయింది. సాయంత్రమైతే జ్వరం, ఆగని దగ్గు. భర్త కోసం టీబీ గదిలో అన్ని రోజులు కింద పడుకుంది కదా. అతనికి లేని జబ్బు పేరుతో అతన్ని ఆ గదిలో పెట్టాం, పక్కన ఉన్న ఈమెకు అది అంటింది. పరీక్షలో టీబీ అనే వచ్చింది. మందుల కోర్సు పూర్తి చేసింది, ఇప్పుడు బాగానే ఉంది, ఆ సందులోనే మళ్లీ ధనియాలు చెరుగుతోంది. అది ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడకుండా. నేను మరిచిపోలేకపోతున్నది అది కాదు.

ఆ రోజు శ్రీనివాస్ ఆమెను గుర్తుపట్టి, డబ్బీ ఇచ్చి, నన్ను పిలిచాడు. తెమడ ఇవ్వడానికి రోగులను బయట పెరట్లోకి, గాలి ఆడే చోటికి పంపుతాం. నేను ఆమెను అక్కడికి తీసుకెళ్లి, గోడ దగ్గర చోటు చూపించి వెనక్కి తిరగబోయాను.

"పోకుర్రి మేడం. మీరు గీడనే ఉండుర్రి" అంది.

"ఎందుకమ్మా?"

"మీ ముంగట్నే తీస్త. ఇంకెవ్వలది గాదు, నాదే అని మీకు తెల్వాలె."

"నేను చూడనక్కర్లేదు ఆండాళూ. నిన్ను నమ్ముతాను."

ఆమె విననట్టే ఉంది. కొంగు పక్కకు తీసి, గోడ పట్టుకుని, ఒళ్లంతా కదిలిపోయేలా దగ్గింది. డబ్బీ నింపింది. మూత పెట్టకుండా రెండు చేతులతో నా వైపు పట్టుకుంది. మూత పెట్టమ్మా, ఇలా తెరిచి ఉంచకూడదు అన్నాను. పెట్టలేదు. నేను వంగి లోపలికి చూసే దాకా అలాగే పట్టుకుని నిలబడింది.